ఇద్దరూ కాణిపాకంలో ప్రమాణం చేస్తామంటుంటే నిజం ఎవరిది?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందుగా చెబుతాను. మీ తాతగారు పోయి ఇరవై రెండేళ్లయింది. పోవడానికి వారం ముందు, మంచం మీద ఉండి, బావి పక్కన అరెకరం కయ్య మీ నాన్నకే ఇస్తున్నానని ఆయన అనడం మీరు చెవులారా విన్నారు. అప్పటికి మీకు పదకొండేళ్లు. మీ చిన్నాయన మాత్రం అది తనకే ఇచ్చాడని, తానూ ఆ మంచం పక్కనే ఉన్నానని అంటున్నాడు. మీ నాన్న ఇప్పుడు లేరు. ఊరి పెద్దమనుషులు కాణిపాకం పోయి ప్రమాణం చేయమన్నారు. మీరు సరేనన్నారు, ఆయనా సరేనన్నాడు. మీకు నిద్ర పట్టనిది ఇక్కడే. ‘చిన్నాయన దేవుడి ముందు అబద్ధం చెప్పే మనిషి కాదు, నేనూ కాదు. మరి ఇద్దరిలో ఒకరు అబద్ధం చెప్పినట్టే కదా? నా మనసుకు ఇంత స్పష్టంగా తెలిసింది నిజం కాకపోతే ఇక మనిషికి నిజం తెలిసేదెట్లా?’ అని అడిగారు.

నా సమాధానం ఇది. మీ ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పి ఉండనక్కర్లేదు. ఇద్దరూ మనస్ఫూర్తిగా ప్రమాణం చేసి, ఇద్దరూ పొరబడి ఉండొచ్చు. ప్రమాణం మీ నిజాయితీకి సాక్ష్యం. ఆ రోజు ఆ గదిలో ఏం జరిగిందనేదానికి అది సాక్ష్యం కాదు. మనసుకు స్పష్టంగా ఉండటం ఒకటి, జరిగి ఉండటం మరొకటి. ఈ రెండూ ఎక్కువసార్లు కలిసే ఉంటాయి కాబట్టే, విడిపోయినప్పుడు మనకు తెలియదు.

నేను చిత్తూరు కోర్టుల్లో 34 ఏళ్లు సివిల్ కేసులు చూశాను. 1986లో మొదలుపెట్టి 2020లో మానేశాను. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. పొలం గట్లు, ప్రామిసరీ నోట్లు, అన్నదమ్ముల వాటాలు, ఇవే నా జీవితమంతా. అబద్ధం చెప్పే సాక్షులను చాలామందిని చూశాను. వాళ్లు పెద్ద కష్టమేమీ కాదు, రెండు మూడు ప్రశ్నల్లో దొరికిపోతారు. నన్ను కలవరపెట్టింది నిజం చెబుతున్నామని నమ్ముతూ జరగనిది చెప్పే మనుషులు.

అలాంటి వాళ్లలో మొదటివాడు పలమనేరు వైపు ఒక పల్లెలో హెడ్‌మాస్టరుగా చేసి రిటైరైన పెద్దాయన. ప్రామిసరీ నోటు మీద సాక్షి సంతకం ఆయనది. నేను అప్పు తీసుకున్నాడంటున్న వ్యక్తి తరఫు లాయరును. బోనెక్కి ఆయన చాలా నెమ్మదిగా, తడబడకుండా చెప్పాడు: ‘ఆ ఇంటి వసారాలో ట్యూబ్‌లైటు కింద కూర్చున్నాం. నా కళ్లెదుటే సంతకం పెట్టాడు.’ నేను కరెంటు కనెక్షన్ కాగితం తీసి చూపించాను. నోటు తేదీ తర్వాత పద్నాలుగు నెలలకు గానీ ఆ ఇంటికి కరెంటు రాలేదు. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. ‘లేదు సార్, లైటు ఉంది, నాకు బాగా గుర్తుంది’ అన్నాడు. కోర్టు ఆయన సాక్ష్యాన్ని నమ్మలేదు. మేం గెలిచాం. బయట వరండాలో ఆయన నా దగ్గరికి వచ్చి, ‘నేను నలభై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి, అబద్ధం చెప్పలేదు నాయనా’ అన్నప్పుడు ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

అప్పుడు నేను గెలుపు ఉత్సాహంలో ఉన్నాను. కొన్నేళ్ల తర్వాత ఆ కుటుంబం ఆ బాకీ తీర్చేసిందని ఆ ఊరివాళ్లే చెప్పారు. అంటే అప్పు నిజమే అయి ఉండాలి. ఆయన సంతకం చూసే ఉంటాడు, లాంతరు వెలుతురులో చూసి ఉంటాడు. తర్వాత అదే వసారాలో ట్యూబ్‌లైటు కింద ఎన్ని సాయంత్రాలు కూర్చున్నాడో! ఆ వెలుతురు వెనక్కి పోయి పాత రాత్రి మీద పడింది. ఆయన చెప్పిన వివరం తప్పు, అసలు విషయం ఒప్పు. నేను ఆ తప్పు వివరాన్ని పట్టుకుని అసలు విషయాన్ని కూల్చేశాను. ఇది నాకు ఇప్పటికీ బరువుగానే ఉంది. కాబట్టి మీ చిన్నాయన చెప్పేదాంట్లో ఒక తేదీయో వారమో తప్పని తేలితే, ‘చూడండి, అంతా అబద్ధమే’ అని మాత్రం అనకండి. మీ మాటలోనూ అలాంటివి దొరుకుతాయి.

నా సొంత అనుభవం కూడా చెప్పాలి. లేకపోతే ఇదంతా ఎవరో ముసలివాళ్ల మతిమరుపు అనుకుంటారు.

నాలుగేళ్ల వయసులో మా నాయన నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని అలిపిరి మెట్ల దారిలో తిరుమల కొండెక్కాడు. మోకాళ్ల మెట్టు దగ్గర ఆయన మెడ చుట్టూ ఉన్న తువ్వాలు తడిసి ముద్దయింది, ఆ చెమట వాసన నాకు ఇప్పుడూ తెలుస్తుంది. ఏళ్ల తరబడి నేను ఈ సంగతి మా పిల్లలకు చెప్పాను. మా అమ్మ పోయాక ట్రంకుపెట్టెలో ఒక ఫొటో దొరికింది. తిరుపతిలో ఏదో స్టూడియోలో దిగింది. అమ్మ, నాయన, గుండ్లు చేయించుకున్న మా ఇద్దరు అక్కలు. నేను లేను. వెనక మా నాయన సిరాతో రాసిన తేదీ ఉంది, 1965. పెద్దక్కను అడిగితే, ‘నీకు అప్పుడు అమ్మవారు పోసింది గదరా, నిన్ను చంద్రగిరిలో జేజి దగ్గర వదిలిపెట్టి పోయినాం. నాయన భుజాల మీద కూర్చున్నది చిన్నక్క’ అంది. మా నాయన ఆ ఒక్కసారే మెట్ల దారిలో నడిచి పోయాడు.

చిన్నక్క ఆ కథను మా చిన్నతనమంతా చెబుతూనే ఉండేది. వింటూ వింటూ నేను ఆమె చోట కూర్చున్నాను. ఆశ్చర్యం ఏమిటంటే, ఇదంతా తెలిశాక కూడా ఆ జ్ఞాపకం పోలేదు. చీకట్లో తాడును చూసి పాము అనుకుంటాం, దీపం తెస్తే పాము మాయమవుతుంది. జ్ఞాపకంలో అట్లా జరగదు. దీపం పెట్టి చూసినా పాము అక్కడే ఉంటుంది, తాడు అని పక్కన మనం రాసిపెట్టుకోవాలంతే. కాబట్టి ‘నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది’ అన్న మీ మాటను నేను పూర్తిగా నమ్ముతున్నాను. దాన్ని బట్టి మీ తాత ఏమన్నాడో మాత్రం చెప్పలేను.

మానేశాక ఈ సంగతి మీద చాలా చదివాను. అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1974లో తన సహచరుడు జాన్ పామర్‌తో కలిసి చేసిన ప్రయోగం ప్రతి లాయరూ తెలుసుకోవాల్సింది. విద్యార్థులకు కార్లు ఢీకొన్న చిన్న సినిమా చూపించి, ఎంత వేగంతో పోతున్నాయని అడిగారు. కొందరిని ‘తగిలినప్పుడు’ అనే అర్థమొచ్చే మామూలు మాటతో, కొందరిని ‘బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు’ లాంటి గట్టి మాటతో అడిగారు. వారం తర్వాత పిలిచి, అద్దం పగిలిందా అని అడిగారు. సినిమాలో పగిలిన అద్దం లేనే లేదు. మామూలు మాట విన్న 50 మందిలో 7గురు చూశామన్నారు. గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. ప్రశ్నలో ఒక్క మాట మారితే, అప్పటికే కళ్లతో చూసిన దృశ్యంలోకి గాజు ముక్కలు వచ్చి పడ్డాయి.

మరొకటి. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. ఆ వార్త మీకు ఎక్కడ, ఎలా తెలిసిందో రాయమని మర్నాడే ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులను అడిగి కాగితాలు దాచిపెట్టాడు. సుమారు రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగారు. అడిగిన ముఖ్య వివరాల్లో ఒక్కటి కూడా సరిపోలనివాళ్లు 11 మంది. వాళ్లు తడుముకుంటూ చెప్పారా అంటే అదీ లేదు, చాలామంది గట్టి నమ్మకంతో చెప్పారు. రెండున్నరేళ్లకే ఇది. మీది ఇరవై రెండేళ్లు. పైగా వాళ్లకు ఆ వార్త ఎక్కడ విన్నామనే విషయంలో ఆస్తి తగాదా ఏమీ లేదు.

ఇప్పుడు కాణిపాకం సంగతి. దయచేసి నేను ఆ ప్రమాణాన్ని తక్కువ చేస్తున్నానని అనుకోకండి. వరసిద్ధి వినాయకుడి మీద నాకు భక్తి ఉంది. కోనేట్లో మునిగి, తడి బట్టలతో ఆయన ముందు నిలబడటమంటే ఏమిటో మన జిల్లాలో పుట్టినవాడికి చెప్పనక్కర్లేదు. చిత్తూరులో బయలుదేరి, పన్నెండు కిలోమీటర్లు పోయేలోపే బస్సులో తప్పు ఒప్పేసుకున్న మనుషులు నాకు తెలుసు. తెలిసి అబద్ధమాడేవాడిని ఆ గుడి ఆపినట్టుగా ఏ కోర్టూ ఆపలేదు.

కానీ అక్కడికి రెండు రకాల ప్రమాణాల కోసం జనం వస్తారు. ఒకడు ఇకమీద తాగనని ప్రమాణం చేస్తాడు. అది రేపటి గురించి. ఆ మాటను నిలబెట్టడం అతని చేతిలో ఉంది, దేవుడిని సాక్షిగా పెట్టుకోవడానికి అర్థం ఉంది. మరొకడు పదేళ్ల కిందట ఇది జరిగిందని ప్రమాణం చేస్తాడు. అది నిన్నటి గురించి. నిన్న అతని చేతిలో లేదు, అతని దగ్గరున్నది ఈరోజు మనసులో కనబడుతున్న బొమ్మ మాత్రమే. అతను ఎంత మంచివాడైనా ఆ బొమ్మ బాగుపడదు. మీకు తెలిసే ఉంటుంది, ఆ గుడి ఉన్న బాహుదా నది పేరు వెనక కూడా అన్నదమ్ముల కథే ఉంది. లిఖితుడు అన్న శంఖుడి తోటలో అడగకుండా పండు కోసుకున్నాడు, రాజు చేతులు నరికించాడు, ఆ నదిలో మునిగితే చేతులు తిరిగొచ్చాయి. ఆ కథలో పండు కోసిన మాట నిజమా కాదా అనే తగాదా లేదు. ఇద్దరికీ ఒకేలా తెలుసు. మీ ఇంటి కష్టం దానికంటే పెద్దది.

చట్టానికి కూడా ఈ దారి ఒకప్పుడు ఉండేది. 1873 నాటి ప్రమాణాల చట్టంలో, ‘ఎదుటివాడు ఫలానా విధంగా ప్రమాణం చేసి చెబితే నేను కట్టుబడతాను’ అని ఒక పక్షం ఒప్పుకుంటే, అలా ఇచ్చిన సాక్ష్యమే ఆ పక్షం మీద తిరుగులేని రుజువు అయ్యేది. 1969లో వచ్చిన కొత్త చట్టంలో దాన్ని ఉంచలేదు. నాకు ఇది సరైన పనే అనిపిస్తుంది.

ప్రమాణం అన్న మాట దగ్గరే ఇంకాస్త ఆగుతాను, ఎందుకంటే నాకు ఈ విషయంలో కళ్లు తెరిపించింది ఆ మాటే. ప్రాక్టీసులో పదేళ్లు గడిచాక, తిరుపతిలో తర్కశాస్త్రం చెప్పే ఒక పండితుడి దగ్గర ఆదివారాలు కూర్చునేవాణ్ణి. పదిహేడో శతాబ్దంలో అన్నంభట్టు పిల్లల కోసం రాసిన తర్కసంగ్రహంతో మొదలుపెట్టాం. మన వ్యవహారంలో ప్రమాణం అంటే ఒట్టు. తర్కంలో ప్రమాణం అంటే సరైన జ్ఞానం కలిగించే సాధనం. ప్రత్యక్షం (కళ్లారా చూడటం లాంటిది), అనుమానం, ఉపమానం (పోలిక), శబ్దం (నమ్మదగినవాడి మాట) అని నాలుగు చెబుతారు. ఈ నాలుగింట్లో జ్ఞాపకం లేదు! నేను మొదటిరోజే అడిగాను, ‘అయ్యా, కోర్టు నడిచేదే జ్ఞాపకం మీద కదా, దాన్నెందుకు వదిలేశారు?’ అని. ఆయన చెప్పిన జవాబు ఇది: స్మృతి కొత్తగా ఏమీ తెలియజేయదు, లోపల మిగిలిన సంస్కారం నుంచి, అంటే అనుభవం మనసులో వదిలిన ముద్ర నుంచి పుడుతుంది. మొదట కలిగిన అనుభవం సరైనదైతే స్మృతి సరైనది, అది తప్పైతే ఇదీ తప్పు. అంటే జ్ఞాపకం తన కాళ్ల మీద తాను నిలబడలేదు. పైన చెప్పిన ప్రయోగాలు చదివాక నేను దీనికి ఒకటి కలుపుకున్నాను: మొదటి అనుభవం సరైనదైనా మధ్యలో సంస్కారం రంగు మారుతుంది.

అనుమానం అన్న మాటా అంతే. మనకు అనుమానం అంటే సందేహం. వాళ్లకు అనుమానం అంటే కనబడేదాన్ని బట్టి కనబడనిదాన్ని ఊహించి తేల్చుకోవడం, పొగను చూసి నిప్పు ఉందనుకోవడం. మనిషి ఈ పని తనకు తెలియకుండానే చేసి, దాన్ని ‘చూశాను’ అని చెబుతాడు. నా అనుభవంలో కుటుంబ తగాదాల్లో సగం ఇక్కడే పుడతాయి.

దీనికి ఒక కేసు చెబుతాను, మీ కేసుకు దగ్గరగా ఉంటుంది. బంగారుపాళ్యం వైపు ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి బావికి మోటారు పెట్టించాడు. తండ్రి పోయాక ‘మోటారుకు దుడ్డు నేనే ఇచ్చినాను’ అని అన్న, ‘కాదు, నేనే ఇచ్చినాను’ అని తమ్ముడు. ఇద్దరూ ఒట్టు పెట్టడానికి సిద్ధం. ఊరంతా రెండు పక్షాలైంది. తమ్ముడి తరఫున నేను. వాయిదాల మధ్య ఒకరోజు, మీ నాయన లెక్కలు ఎక్కడ రాసేవాడని అడిగాను. గూట్లో ఒక చిన్న పుస్తకం దొరికింది. బెల్లం మండీ చీటీలు దాంట్లోనే మడిచిపెట్టి ఉన్నాయి. మోటారు కొన్న నెలలో రెండు వరుసలు: పెద్దోడు బెల్లం దుడ్డు 1,800, చిన్నోడు 1,650. ఇద్దరూ ఇచ్చారు! వేర్వేరు రోజుల్లో, ఒకరికి తెలియకుండా ఒకరు. తండ్రి ఎవరికీ రెండోవాడి సంగతి చెప్పలేదు.

చూడండి, ఇద్దరి జ్ఞాపకమూ ఒప్పే. ‘నేను ఇచ్చాను’ అన్నంతవరకు ఇద్దరూ కళ్లారా చూసిందే చెప్పారు. ‘నేనే ఇచ్చాను’ అన్నప్పుడు అందులో చేరిన ఆ ‘ఏ’ ఉంది చూశారా, దాన్ని ఎవరూ చూడలేదు. అది అనుమానం, తర్కంలో చెప్పే అర్థంలో. తగాదాలో మొదట వెతకాల్సింది ఆ ఒక్క అక్షరాన్ని. మీరు మీ ప్రశ్నలో మూడుసార్లు ‘నాన్నకే’ అని రాశారు. మీ తాత నోట్లోంచి ఆ ‘కే’ వచ్చిందా? లేక ‘ఆ కయ్య నువ్వు చూసుకో నాయనా’ అన్నాడా? చావు దగ్గర పడిన తండ్రి పెద్దకొడుకు పక్కనున్నప్పుడు అతనితో, చిన్నకొడుకు పక్కనున్నప్పుడు అతనితో, అదే మాట చెప్పి ఉండకూడదా? నేను అదే జరిగిందని చెప్పడం లేదు, నాకు తెలిసే దారి లేదు. మీకు తెలుసు అనుకున్నదాంట్లో ఎంత విన్నదో, ఎంత కలిపిందో విడదీసి చూడమంటున్నాను.

దీనికి నేను సాక్షులతో వాడిన పద్ధతి ఒకటుంది. ఏం గుర్తుంది అని అడిగేవాణ్ణి కాదు. ఈ సంగతి మొట్టమొదట ఎవరికి చెప్పారు, ఎప్పుడు చెప్పారు, అప్పుడు ఏ మాటల్లో చెప్పారు అని అడిగేవాణ్ణి. మీరూ వేసుకోండి ఈ ప్రశ్న. తాత పోయిన ఏడాది ఎవరికైనా చెప్పారా? లేక నాన్న, చిన్నాయన మాట్లాడుకోవడం మానేశాక, రాత్రి అన్నాల దగ్గర నాన్న ఈ సంగతి చెబుతుంటే ‘అవును, నేనూ విన్నాను’ అన్నారా? రెండోదైతే భయపడాలి. నాయన భుజాల మీద నేను ఎక్కినట్టే మీరూ ఆ మంచం పక్కకు చేరి ఉండొచ్చు. మీరు అక్కడ ఉన్నారు నిజమే, కానీ ఆ మాట తర్వాత వచ్చి చేరి ఉండొచ్చు.

ఇంతా చెప్పి, కాగితమే దేవుడు అంటున్నానని అనుకుంటే పొరపాటు. కాగితాలు కూడా అబద్ధమాడతాయి, మనుషులకంటే ధీమాగా ఆడతాయి. అప్పుకు పూచీగా పొలాన్ని అమ్మినట్టు రిజిస్టర్ చేయించుకోవడం మన వైపు ఎంత మామూలో మీకు తెలుసు. అట్లాంటి ఒక కేసులో చదువు రాని ఒక అవ్వ బోనులో చెప్పింది: ‘వాళ్లు పదిహేను వేలని రాసుకున్నారు, నాకిచ్చింది పది. కాని అంతకు ముందే నాలుగు వేలు నేను తీసుకున్నానయ్యా, అది ఎవరూ రాయలేదు, నేను చెప్పాలి కదా.’ ఆ నాలుగు వేల మాట ఆమెకు నష్టం. ఎవరూ అడగలేదు, కాగితంలో లేదు. ఆమె ఆ మాట చెప్పాక నేను ఆమె మిగతా మాటలన్నీ నమ్మాను, జడ్జిగారూ నమ్మారు. తనకు నష్టమని తెలిసీ మనిషి చెప్పే మాటకు చాలా బరువుంటుంది. మీ జ్ఞాపకంలో మీ పక్షానికి నష్టం కలిగించే ముక్క ఒక్కటైనా ఉందా? నూటికి నూరుపాళ్లు మనకు అనుకూలంగా ఉన్న జ్ఞాపకాన్ని నేను అనుమానిస్తాను. ఇక్కడ మాత్రం మామూలు అర్థంలోనే.

‘మరి మనిషికి నిజం తెలిసేదెట్లా’ అన్న మీ పెద్ద ప్రశ్నకు నా దగ్గర పెద్ద జవాబు లేదు, పని జరిగే జవాబు ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టంలో ‘రుజువు కావడం’ అంటే ఏమిటో రాశారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఆ అర్థమే ఉంది. ఒక విషయం ఉందని కోర్టు నమ్మాలి, లేదా వివేకం ఉన్న మనిషి ఆ పరిస్థితుల్లో అది ఉందనుకుని ముందుకు నడిచేంతగా దానికి అవకాశం కనబడాలి. సంపూర్ణ సత్యం అన్న మాట ఎక్కడా లేదు. ముందుకు నడవడానికి సరిపోయేంత వెలుతురు చాలు అంటుంది. మొదట్లో ఇది నాకు నిరాశగా అనిపించేది. ఇప్పుడు దీంట్లో ఎంత వినయం ఉందో కనిపిస్తోంది.

కాణిపాకం స్థల పురాణంలో బావి తవ్విన అన్నదమ్ములు ముగ్గురు. ఒకరికి చూపు లేదు, ఒకరికి వినికిడి లేదు, ఒకరికి మాట లేదు. ముగ్గురూ కలిసి తవ్వితే స్వామి బయటపడ్డాడు. చిన్నప్పుడు ఇది వింటే నాకు వాళ్లకు అవయవాలు బాగుపడటమే గొప్పగా అనిపించేది. ఇప్పుడు, బాగుపడకముందు వాళ్లు ఒకరి లోటు ఒకరు తీర్చుకుంటూ తవ్వడం గొప్పగా అనిపిస్తోంది.

ఇక మీరు చేయాల్సినవి. చట్టం సంగతి ముందు క్లుప్తంగా: భూమిని నోటిమాటతో దానం ఇవ్వడం చెల్లదు, రిజిస్టర్ కాగితం కావాలి. ఉమ్మడి ఆస్తిని వాటాలు పంచుకోవడం మాత్రం నోటిమాటగా జరిగినా చెల్లుతుంది. కాబట్టి మీ తాత మాట దానమా, పంపకంలో భాగమా అన్నది తేలాలి. దగ్గరున్న మంచి సివిల్ లాయరుకు కాగితాలన్నీ చూపించండి.

ఆ కాగితాలు: తాత పోయిన ఏడాది నుంచి ఇప్పటిదాకా అడంగల్ (పొలం ఎవరి సాగులో ఉందో చెప్పే రెవెన్యూ రికార్డు) నకళ్లు తీసుకుని, అనుభవదారుగా ఎవరి పేరుందో చూడండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీయించండి. బావి మోటారు సర్వీసు ఎవరి పేరు మీద ఉంది, బిల్లులు ఎవరు దాచారో చూడండి. పాత పాలుపట్టీ (వాటాలు పంచుకున్నప్పుడు రాసుకునే కాగితం) ఏదైనా ఇంట్లో ఉందేమో వెతకండి. గొడవ పుట్టకముందు రాసిన అర వాక్యం దొరికినా, గొడవ తర్వాత మీరూ చిన్నాయనా చెప్పే వంద మాటల కంటే అదే ఎక్కువ పనికొస్తుంది. రాసింది మీ తాత చేతివ్రాత అయితే మరీ మంచిది.

మీరూ చిన్నాయనా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఆ వారం గురించి గుర్తున్నదంతా విడివిడిగా రాయండి. పొలం సంగతి ఒక్కటే కాదు, ఆ గదిలో ఎవరెవరున్నారు, తాత ఏం తింటున్నాడు, డాక్టరు ఎప్పుడొచ్చాడు, అన్నీ. కచ్చితంగా విన్న మాటకు ఒక గుర్తు, ఊహించిన దానికి మరో గుర్తు పెట్టండి. తర్వాత ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చదవండి. కాణిపాకానికి అప్పుడు పోవాలనిపిస్తే పోండి, ‘నాకు ఇంతవరకే తెలుసు, దాచింది ఏమీ లేదు’ అని ఇద్దరూ చెప్పుకోండి. ఆ ప్రమాణం మనిషి చేయగలిగింది.

చివరగా, మీ ప్రశ్నలో ఒక చిన్న వాక్యం నన్ను ఆపింది. ‘ఆ వారమంతా తాతకు గంజి తాపింది మా మేనత్త’ అని రాసి, ఆమె గురించి మళ్లీ ఎత్తలేదు. పెద్దమనుషులు కూడా ఆమెను అడిగినట్టు లేదు. ఆ మంచం పక్కన మీ అందరికంటే ఎక్కువసేపు కూర్చున్న మనిషి ఆమే. తర్కంలో ఆప్తుడంటే దగ్గరివాడని కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడని. మీ ఇంట్లో అట్లాంటి మనిషి ఆమె కావచ్చు. ఆమెకూ ఆ ఆస్తిలో హక్కు ఉండొచ్చు, అదీ లాయరును అడగండి. ఆమె మాటను తూచేటప్పుడు అదీ మనసులో ఉంచుకోండి.

ఆమె దగ్గరికి మీరూ చిన్నాయనా కలిసి పోండి. ‘తాత ఆ కయ్య నాన్నకే ఇచ్చాడు కదా అత్తా’ అని అడగొద్దు. సొంత సాక్షిని లాయరు అట్లా అడిగితే ఎదుటి లాయరు వెంటనే లేచి అభ్యంతరం చెబుతాడు, ఎందుకో గాజు ముక్కల కథలో చూశారు. ‘ఆ వారం ఏం జరిగిందో చెప్పు అత్తా’ అని మాత్రం అడిగి ఊరకుండండి. ఆమె గంజి గురించి చెప్పినా, మందుల గురించి చెప్పినా, ఏడ్చినా మధ్యలో మాట అందించొద్దు. ఆ రాత్రే, ఆమె వాడిన మాటలనే, తేదీ వేసి రాసుకోండి.